మూపురం చాటున ముసర

1920. బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవు. ఇండియా నుంచి బ్రెజిల్‌కు వెళ్లాల్సిన మూపురాల పశువులు దారిలో అక్కడ దిగాయి. వాటిలో ఓ రోగం దాగి ఉందని ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకే బెల్జియం పాకల్లో ఆవులకు ఒళ్లు కాలింది, నోరు పుండ్లయింది, పారుడు పట్టుకుంది. ఒకదాని వెనుక ఒకటి కూలిపోయాయి. వచ్చింది ముసర వ్యాధి. పశువైద్యులు దాన్నే రిండర్‌పెస్ట్ అంటారు.

మోసుకొచ్చినవి నిలబడితే, తగిలించుకున్నవి ఎందుకు పడిపోయాయి?

జవాబు వంశంలో ఉంది. ముసర మన మైదానాల్లో తరతరాలు తిరిగింది. తట్టుకోలేనివి చచ్చాయి, తట్టుకున్నవే ఈనాయి. అలా జల్లెడ పట్టగా మిగిలిన మందల్లో అదే వైరస్ చాలాసార్లు తేలికపాటి జబ్బుగా వచ్చిపోయేది. ఒంట్లో చొరబడిన క్రిమి ఆనవాలును రక్షక కణాలకు చూపించే జన్యువులు ఆవుల్లో 23వ క్రోమోజోము మీద, మనుషుల్లో 6వ దాని మీద ఉంటాయి. మందలో అవి ఎన్ని రకాలుగా ఉంటే, కొత్త రోగం వచ్చినప్పుడు కొన్నైనా బతికే అవకాశం అంత ఎక్కువ.

1921లో ముసర బ్రెజిల్‌లోని సావో పావ్‌లోకూ పాకింది. ఆ దెబ్బకు ఆ దేశం మన పశువుల దిగుమతి ఆపేసింది. ఆంట్వెర్ప్ అనుభవంతో 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థను స్థాపించాయి. 1960లలో కరవది అనే కోడెతో పాటు ఒంగోలు పశువులు బ్రెజిల్ చేరినప్పుడు, వాటిని ముందు ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో విడిగా ఉంచారు. వాటి సంతతి నేటి బ్రెజిల్ నెలోర్ జాతి మందల్లో ఉంది.

ముసర భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. వంశబలం ఒక్కటే దాన్ని ఓడించలేదు. పశువైద్య శాస్త్రవేత్త వాల్టర్ ప్లౌరైట్ తయారుచేసిన టీకా, ఊరూరా నిఘా కలిసి ఓడించాయి.

ఒంగోలు జాతి నేల పల్నాడులోని నరసరావుపేట, వినుకొండల దాకా విస్తరించింది. ఆ జాతిని పల్నాడు రైతు కాపాడుకోవాలి, దాని జన్యువుల్లోని వైవిధ్యాన్ని పోగొట్టుకోకూడదు. అయితే తన కోడె గట్టిదని గాలికుంటు టీకా మానేయకూడదు. గట్టి పశువు రోగాన్ని పైకి చూపకుండానే పక్క పాకకు చేరవేయగలదు. దానికి వేయించే టీకా పొరుగువాడి పాడిని కూడా కాపాడుతుంది.