చదరంగం గళ్లలో ఇరవై అంకెలు

జనగామలో లెక్కల సారుగా ఉన్నన్నాళ్లూ గుణశ్రేఢి పాఠం చదరంగం బల్లతోనే మొదలుపెట్టేవాణ్ని. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు. అరవై నాలుగు గళ్లూ నిండితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615.

ఇంత సంఖ్యనూ ఒక్క తెలుగు పద్యంలో ఇమిడ్చిన ఘనత పావులూరి మల్లనది. రాజరాజనరేంద్రుని కాలంవాడంటారు. మహావీరాచార్యుని సంస్కృత ‘గణితసార సంగ్రహం’ ఆయన చేతిలో తెలుగు పద్యాల లెక్కల పుస్తకమైంది. పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే 1, వేదాలు 4, బాణాలు 5, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. శాసనాల్లో శక సంవత్సరాలనూ ఇలాగే చెక్కేవారు. బయ్యారం చెరువుకో, భూపాలపల్లి దగ్గర గణపురం కోటగుళ్లకో పిల్లల్ని తీసుకుపోతే, దారిలో బండ్ల నంబర్లతో ఇదే ఆట. 4105 కనబడితే ‘బాణ గగన చంద్ర వేద’ అని అరిచేవాళ్లు.

ఆ పెద్ద సంఖ్య సంగతికొస్తే, అంకెల మొత్తం 87. కాబట్టి 3తో తెగుతుంది, 9తో తెగదు. దాని ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 67,00,417. ఒక్కటీ రెండోసారి రాదు. వీటిలో 641ని పట్టుకున్నవాడు ఆయిలర్, 1732లో. రెండు ఘాతం 32కు ఒకటి కలిపితే ప్రధానసంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడు. 641తో అది నిశ్శేషంగా భాగమవుతుందని ఆయిలర్ తేల్చాడు.

నేటి 64 బిట్ల కంప్యూటర్‌లో, గుర్తు లేని పూర్ణసంఖ్యకు గరిష్ఠ హద్దు కూడా మల్లన పద్యంలోని ఈ సంఖ్యే.