మిస్సమ్మ మానసపుత్రిక

తెలుగునాట సినిమా అభిమానులు నలుగురు కూడినచోట కథను మొదటినుండి చివరవరకు చెప్పేవారు అరుదు. వారు చెప్పుకొనేది ఘట్టాలను. ఒకరు పాతాళభైరవిలో మాంత్రికుని హుంకారాన్ని తలచుకొంటే, మరొకరు మాయాబజారులో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుని, అనగా సావిత్రి చూపిన ఆ మగరాయని నడకను అనుకరించి చూపుతారు. అంతలో మూడవవారు అందుకొని, “ఇదే మాదిరి ఘట్టం ఆ తరువాత వచ్చిన ఫలానా చిత్రంలో ఉన్నదే!” అంటారు. ఇక వాదం అక్కడ ఆరంభమవుతుంది. అది అనుకరణమా? దొంగతనమా? లేక పెద్దల ఆస్తి పిల్లలకు సంక్రమించినట్లు న్యాయంగా వచ్చినదా? ఈ ప్రశ్నను నేడు మిస్సమ్మ చిత్రాన్ని ఆధారం చేసుకొని పరిశీలించ దలచినాము.

రేడియోలో పనిచేసే మాకు ఈ విషయంపై మక్కువ కలగటానికి వేరొక కారణం కూడా ఉన్నది. మూడు గంటల చిత్రాన్ని కుదించి, మాటలు, పాటలు మాత్రమే వినిపించే సంక్షిప్త శబ్దచిత్రాలు మన కేంద్రాల నుండి ఏండ్ల తరబడి ప్రసారమైనవి. టాకీసు ముఖం చూడని ఇల్లాండ్రకు, పొలంగట్టున ట్రాన్సిస్టరు పెట్టుకొన్న రైతులకు ఎన్నో చిత్రాలు చెవుల గుండానే పరిచయమైనవి. అట్టి శ్రోతలకు ఘట్టమంటే గొంతు. మార్కస్ బార్ట్‌లే కెమేరాతో సృష్టించిన వెన్నెల వారికి కనబడదు; ఆ వెన్నెలలో ఎ.ఎం. రాజా, పి. లీల పాడిన పాట వినబడుతుంది. మిగిలిన వెన్నెల వారే కల్పించుకొన్నారు. మిస్సమ్మ విడుదలైన నాటికి ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు బహు తక్కువ. కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న కాలమది. పాటల కోసం జనం రేడియో సిలోను పట్టుకొనేవారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన తరువాతనే ఆ కొరత తీరసాగినది.

విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో మిస్సమ్మ 1955 జనవరి 12న వెలువడినది. కథలోని కీలకం ఒక్క మాటలో చెప్పవచ్చు. అప్పాపురం జమీందారు తన పాఠశాలకు భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావాలంటాడు. పట్టా ఉండి పని లేని రావు, తండ్రి చేసిన అప్పుకు డేవిడ్ పీడ పడలేని మేరీ, పెళ్ళి కాకుండానే దంపతులమని చెప్పి ఆ కొలువులో చేరుతారు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. చదువుకొన్నవారి నిరుద్యోగం ఇంటింటి వ్యథగా ఉన్న ఆ రోజులలో ఈ అబద్ధాన్ని ప్రేక్షకులు అధర్మంగా భావించక, నవ్వి క్షమించినారు.

కథ మనది కాదు. రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే వంగనాటకం దీనికి మూలం. అది 1935లోనే వంగభాషలో చిత్రంగా కూడ వచ్చినది. చక్రపాణి గారు, అనగా తెనాలి ప్రాంతపు ఆలూరి వెంకట సుబ్బారావు గారు, వంగభాష నేర్చి శరత్‌బాబు నవలలను తెలుగు చేసినవారు. శరత్‌ను తెలుగువాడనుకొన్న పాఠకులుండేవారని చెప్పుకొనటం ఆ అనువాదాల మహిమకు సాక్ష్యం. నాటకాన్ని తెచ్చి తెరకెక్కించటంలోనూ ఆ చేయే పనిచేసినది. పింగళి నాగేంద్రరావు గారి పాటలు, సాలూరు రాజేశ్వరరావు గారి వరుసలు చేరేసరికి వంగవాసన పూర్తిగా పోయి, అప్పాపురం మన జిల్లాలలోని ఏదో ఒక ఊరైపోయినది. కనుక మిస్సమ్మకు వారసులెవరని అడిగే ముందు మిస్సమ్మయే ఒక వారసురాలని గుర్తుంచుకొనవలె.

అభిమానులు ఎన్నడూ విడువని మరొక ప్రసంగం, మేరీ పాత్ర ఎవరిదన్నది. ఆ పాత్రకు మొదట తీసుకొన్నది భానుమతి గారిని. కొంత చిత్రీకరణ కూడ జరిగినది. ఆమెకును చక్రపాణి గారికిని మాట పట్టింపు రాగా, సీత వేషానికి అనుకొన్న సావిత్రి మేరీ అయినది. సీత వేషం జమునకు దక్కినది. భానుమతి అయితే మేరీ కోపం ఇంకెంత పదునుగా ఉండేదో అని నేటికీ వాదించేవారున్నారు. మా మట్టుకు మాకు సావిత్రి కోపంలోని పసితనమే ఆ పాత్రకు ప్రాణమనిపిస్తుంది. రావు సీతకు సంగీతం నేర్పుతుంటే, భార్య కాని మేరీకి భార్యకు రావలసిన అసూయ వస్తుంది. మగవారిని గురించి మేరీ సీతకు ఒక పాటలో బోధ చేస్తే, అదే వరుసలో రావు జవాబు పాడుతాడు. శబ్దచిత్రంలో కూడ చెక్కుచెదరని ఘట్టమిది. పాటే సంభాషణ, వరుసే వెక్కిరింత గదా!

తమిళంలో జెమినీ గణేశన్ నాయకుడుగా ‘మిస్సియమ్మ’ ఆ నెలలోనే వచ్చినది. హిందీలో ఎల్.వి. ప్రసాద్ గారే 1957లో మీనాకుమారితో ‘మిస్ మేరీ’ తీసినారు. ఇవి అదే కథకు వేరు భాషల ఉడుపులు. వీటిని తోబుట్టువులనవచ్చునేగాని వారసులనరాదు. వారసత్వమనేది వెలువడటానికి మరి ముప్పదియారేండ్లు పట్టినది.

1991లో బాపు గారు తీసిన ‘పెళ్ళిపుస్తకం’ చూడండి. రావి కొండలరావు గారి కథ, ముళ్ళపూడి వెంకటరమణ గారి రచన, కె.వి. మహదేవన్ గారి సంగీతం. మిస్సమ్మలో పెళ్ళి కానివారు అయినట్లు నటిస్తే, ఇందులో పెళ్ళయిన కృష్ణమూర్తి, సత్యభామ ఉద్యోగం కోసం పెళ్ళి కానివారుగా నటిస్తారు. అంతే మార్పు. కాని ఆ ఒక్క మార్పుతో ప్రతి ఘట్టమూ తలక్రిందులవుతుంది. మేరీ, రావు ఒకే ఇంట ఉండి దూరంగా మెలగవలె. సత్యభామ, కృష్ణమూర్తి దగ్గర కాగోరి, దూరంగా ఉండవలె. అక్కడ నలుగురి ముందు అనురాగం అబద్ధం, చాటున తగవు నిజం. ఇక్కడ నలుగురి ముందు పరాయితనం అబద్ధం, చాటున చెప్పుకొనే ముచ్చట నిజం. మిస్సమ్మ పెళ్ళితో ముగుస్తుంది. పెళ్ళిపుస్తకం పెళ్ళితో మొదలవుతుంది. ఆరుద్ర గారు వ్రాసిన ఆ పెళ్ళిపాట లేనిదే ఇప్పుడు మన ముహూర్తాలు జరగటం లేదన్నా అతిశయోక్తి కాదు.

దీనిని దొంగతనమనటానికి మాకు నోరు రాదు. దొంగ తెచ్చిన సొమ్మును దాచుకొంటాడు. ఈ చిత్రం దాచలేదు సరికదా, మిస్సమ్మ గుర్తున్నవారికే దీనిలోని సగం హాస్యం అందుతుంది. ముళ్ళపూడి వారు ఆంధ్రపత్రిక వారపత్రికలో సినిమా సమీక్షలు వ్రాసినవారు. కొండలరావు గారు నాగిరెడ్డి గారి ‘విజయచిత్ర’ పత్రికలో చిరకాలం పనిచేసినవారు. అనగా ఈ రచయితలు మొదట అభిమానులు, ఆ తరువాతనే కథకులు. టాకీసు బయట మనం ఆడే వాదాన్నే వారు తెరమీద ఆడినారు. మానసపుత్రిక అంటే ఇదేనని మా ఉద్దేశం.

అయితే ఒక లెక్క తేలవలసి ఉన్నది. మేరీమాతను ప్రార్థించే పిల్ల, హిందువుల ఇంట ఇల్లాలిగా నటించవలసి రావటంలో మిస్సమ్మకు ఒక బరువు వచ్చినది. నవ్వుల నడుమ ఆ ప్రార్థన పాట వచ్చినప్పుడు చిత్రం ఒక క్షణం ఆగి ఊపిరి పీల్చుతుంది. ఈమె మతం ఈమెది, ఈమె అతనిని ప్రేమించినది, ఇక ఏమి జరుగును? చిత్రం ఇంతవరకు వచ్చి ప్రక్కకు తప్పుకొన్నది. నాగేశ్వరరావు వేసిన వింత డిటెక్టివు రాజు వెదకి వెదకి, పుట్టుమచ్చ సాయంతో, మేరీయే చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేల్చుతాడు. చిక్కు వీడదు, మాయమవుతుంది. పెంచి పెద్దచేసిన క్రైస్తవ దంపతులు కథలో ఒక మూలకు ఒదిగిపోతారు. మేరీ మేరీగానే ఉండి రావును పెండ్లాడినట్లయితే 1955లో ప్రేక్షకులు ఒప్పుకొని ఉందురా అంటే, ఆ ప్రేమను అంతవరకు మనసారా మెచ్చినవారు చివరి రీలులో మాత్రం లేచిపోయి ఉందురని మేము నమ్మజాలము.

పెళ్ళిపుస్తకమైతే ఆ బరువును అసలే ఎత్తుకొనలేదు. పుట్టింటినుండి నవ్వును తెచ్చుకొన్నది, చమత్కారాన్ని తెచ్చుకొన్నది, ఉద్యోగపు ఇరకాటాన్ని తెచ్చుకొన్నది. ప్రార్థన పాటను అక్కడే విడిచి వచ్చినది. అభిమానులు ఘట్టాలు పంచుకొనేటప్పుడు కూడ వెన్నెల పాట, సంగీత పాఠం, డిటెక్టివు చేష్టలు తప్పక వస్తవి. మేరీ మోకరిల్లిన ఘట్టాన్ని ఎత్తేవారు ఏ ఒకరో ఇద్దరో.

విజయా వారి తక్కిన చిత్రాలకు కూడ ఇట్టి సంతానం లేకపోలేదు. కె.వి. రెడ్డి గారి వద్ద సహాయకుడుగా పని నేర్చిన సింగీతం శ్రీనివాసరావు గారు 1994లో ‘భైరవద్వీపం’ తీసినారు. పాతాళభైరవిలో రామారావు గారు తోటరాముడు కాగా, ఇందులో ఆయన కుమారుడు బాలకృష్ణ నాయకుడు. దీనికి కూడ రచన రావి కొండలరావు గారిదే. మాయాబజారు పాటల మొదటి మాటలు జంధ్యాల గారి చిత్రాలకు పేర్లయినవి. మిస్సమ్మలోని వెన్నెల పాట తొలిమాటలు 1999లో ఒక చిత్రానికి పేరైనవి. పేరు తీసుకొన్నంతనే వారసత్వం రాదనుకోండి. అది తాతగారి పేరు మనుమనికి పెట్టుకొన్నంత మాత్రమే.

ఇన్ని వాదాలలోను వినబడని పేరొకటి ఉన్నది. మిస్సమ్మను కంఠతా పట్టినవారిని అడిగి చూడండి: పింగళి పేరు చెబుతారు, బార్ట్‌లే పేరు చెబుతారు, ఏ పాట ఎవరు పాడినారో చెబుతారు. రవీంద్రనాథ్ మైత్ర అంటే మాత్రం, “ఆయన ఎవరండీ?” అంటారు.