గోమెరు మాట్లాడని పుస్తకం

తెలుగు బైబిల్లో 'బయలు' అన్న దేవుడి పేరు చదివి ఆరుబయట ఉండే దేవుడేమో అనుకునేవాళ్లుంటారు. మన బయలుకీ దానికీ సంబంధం లేదు. హీబ్రూలో 'బాల్' అంటే యజమాని. ఇంటికి, ఎద్దుకి, పెళ్లాడిన ఆడమనిషికి కూడా. కనానులో వాన కురిపించే దేవుడి పేరూ అదే.

క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఉత్తర ఇశ్రాయేలు ప్రవక్త హోషేయ ఈ మాటనే పట్టుకున్నాడు. రెండో అధ్యాయంలో దేవుడు తన ప్రజల్ని భార్యగా భావించి, ఇకమీదట నన్ను 'బాలీ' అనొద్దు, 'ఈషీ' అను, అంటాడు. రెండూ మొగుణ్ణి పిలిచే మాటలే. మొదటిది 'నా యజమానీ', రెండోది 'నా మనిషీ'. అంత పాత గ్రంథంలో ఇంత సున్నితమైన మాట కనపడితే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

కానీ ఆ మాటకి ముందు ఏముందో కూడా చదవాలి. అదే అధ్యాయంలో అదే మొగుడు ఆమెని వివస్త్రని చేస్తానంటాడు, దారికి ముళ్లకంచె వేస్తానంటాడు, దాహంతో చంపుతానంటాడు. లాలన ఆ తర్వాతే. కొట్టి, ఆనక బుజ్జగించే మొగుడి వరస ఇది. రెనీటా వీమ్స్ 1995లో ఈ ప్రవక్తల మీద రాసిన పుస్తకానికి 'బ్యాటర్డ్ లవ్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

నిజానికి హోషేయ గొడవ చాలావరకు రాజకీయం. రెండో యరొబాము పోయాక రాజుల్ని వరసగా చంపేస్తున్నారు. ఉన్నవాళ్లు ఒకసారి అష్షూరు వైపు, ఒకసారి ఐగుప్తు వైపు పరిగెడుతున్నారు. దాన్ని అతను రంకు అన్నాడు. రాజుల్ని, పూజారుల్ని, అంటే మగవాళ్లని, తప్పుచేసిన భార్య అని పిలిస్తే సిగ్గుతో చస్తారని లెక్క. ఆ సిగ్గు ఖర్చంతా ఆడమనిషి ఖాతాలో పడింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరయ ఎలాగూ కూలిపోయింది. ఉపమానం మాత్రం మిగిలింది. యెహెజ్కేలు 16వ అధ్యాయానికి వచ్చేసరికి అదెంత క్రూరంగా తయారైందంటే, దాన్ని సమాజమందిరంలో చదవకూడదని రబ్బీ ఎలియెజరు అన్నట్టు మిష్నాలో ఉంది.

హోషేయ భార్య గోమెరు. ముగ్గురు పిల్లలు. రెండో బిడ్డ, ఆడపిల్ల, పేరు 'జాలి పొందనిది'. మూడోవాడి పేరు 'నా జనం కాదు'. వాకిట్లో ఆ పేర్లతో పిల్లల్ని కేకేసి పిలవాల్సిన తల్లి గురించి పుస్తకానికి పట్టలేదు. మూడో అధ్యాయంలో హోషేయ ఒక స్త్రీని 15 తులాల వెండికి, కొంత యవలకి కొంటాడు. ఆమె గోమెరే అని చాలామంది నమ్మకం, పేరు మాత్రం అక్కడ లేదు. పిల్లల పేర్లలోంచి 'కాదు', 'లేదు' తీసేశారు. గోమెరు మొదటినుంచీ చివరిదాకా ఒక్క మాట మాట్లాడదు. రెండో అధ్యాయంలో భార్య అన్న మాటలున్నాయి గానీ, అవి మొగుడు చెప్పినవి.