వంద నాణేల మాయ

డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట పుస్తకం ఏది చేతికొచ్చినా నేను ముందు ధరల పట్టిక తీస్తాను. పగలు కాస్ట్ అకౌంటెంట్‌ని, శనివారం సాయంత్రాలు హైదరాబాద్‌లో మా స్నేహితుల బల్ల దగ్గర ఆట నడిపే డంజన్ మాస్టర్‌ని. రాక్షసుల బొమ్మలకన్నా ఆ అంకెలే నాకు ఎక్కువ కథ చెబుతాయి. మొదటి లెవెల్ పాత్ర అంటే ఒక్క కత్తివేటుకు కూలిపోయే ప్రాణి. అలాంటివాడికి కాస్తంత మాయ ఎంతకు దొరుకుతుంది? ఆట రాసినవాళ్లు యాభై ఏళ్లుగా దీనికి జవాబు మారుస్తూనే ఉన్నారు. అన్ని జవాబుల వెనకా ఉన్న తగాదా మాత్రం ఒకటే: మాయ డంజన్ మాస్టర్ దయతో రావాలా, ఆటగాడు లెక్క చూసుకుని కొనుక్కోవాలా?

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ఈ ఆట బయటికొచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాల పెట్టె ధర పది డాలర్లు. కొత్త పాత్రకు మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని పదితో హెచ్చవేసి బంగారం ఇస్తారు. సగటున 105 నాణేలు. కత్తి 10, యాభై అడుగుల తాడు 1, గోతులూ ఉచ్చులూ తడిమి చూసే పది అడుగుల కర్ర 1. మాయ ఖడ్గాలూ ఉంగరాలూ మాత్రం ఆ పట్టికలో ఉండవు. ప్రాణానికి తెగించి రాక్షసుల నిధిలో వెతుక్కోవలసిందే. అయితే అదే పట్టికలో సీసాడు పవిత్ర జలం 25 నాణేలకు కనిపిస్తుంది. కొత్తవాడు డబ్బిచ్చి కొనుక్కోగలిగిన మొదటి మహిమ, నా లెక్కలో, అదే.

తర్వాతి అడుగు వేసినవాడు జె. ఎరిక్ హోమ్స్. వృత్తిరీత్యా నాడీశాస్త్ర వైద్యుడు. 1977లో ఆయన కూర్చిన బేసిక్ పుస్తకంలో, మొదటి లెవెల్ మాంత్రికుడు కూడా తనకొచ్చిన మంత్రాన్ని ఒకసారి వాడే స్క్రోల్‌గా రాసుకోవచ్చు. ఖర్చు 100 నాణేలు, ఒక వారం పని. రోజుకు ఒక్క మంత్రం, నాలుగు ముఖాల పాచికంత ప్రాణం ఉన్నవాడికి అది మరో అవకాశం. సగటు పాత్ర లెక్క వేసి చూడండి: ఉన్న 105లో వంద స్క్రోల్‌కు పోతే ఐదు మిగులుతాయి. తాడూ దివిటీలూ కొనుక్కోవడానికే సరి. అయినా నిర్ణయం అతనిదే. ఈ ఆట చరిత్రలో బీదవాడి పక్షాన రాసిన మొదటి మంచి నియమం ఇదేనని నా నమ్మకం.

1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గైగాక్స్ దాదాపు ప్రతి మాయ వస్తువుకూ రెండు అంకెలు వేశాడు. హీలింగ్ పోషన్ దగ్గరుంచుకుంటే లెవెల్ పెంచే 200 అనుభవ పాయింట్లు, అమ్మితే 400 నాణేలు. అమ్మిన బంగారం కూడా అనుభవంగానే జమ అవుతుంది. అంటే గాయం మాన్పుకునే మందు ఉంచుకున్నవాడికన్నా అమ్ముకున్నవాడే తొందరగా పైకొస్తాడు. ప్రాణం నిలిపే సరుకును తెగనమ్ముకునేవాడిదే లాభం అనే పద్దు నాకెప్పుడూ మింగుడుపడలేదు. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ ఆ ధరలనే ఎత్తేసింది. మాయ వస్తువులు అంగట్లో అమ్మే సరుకు కాదని తేల్చింది. కొత్తవాడు మళ్లీ డంజన్ మాస్టర్ ముఖం చూడాల్సి వచ్చింది.

2000లో మాంటీ కుక్, జొనాథన్ ట్వీట్, స్కిప్ విలియమ్స్ మూడో ఎడిషన్‌తో తలుపులు బార్లా తెరిచారు. మొదటి లెవెల్ మంత్రం స్క్రోల్ 25 నాణేలు, చిన్న గాయాలు మాన్పే పోషన్ 50. అదే మంత్రం యాభైసార్లు పలికే వాండ్ (మంత్రదండం) 750. ఒక్కో వాడకానికి 15 పడుతుంది. రెండో లెవెల్ పాత్రకు పుస్తకం అంచనా కట్టిన ఆస్తి 900. నలుగురు కలిసి తలా 190 లోపు వేసుకుంటే వాండ్ వచ్చేస్తుంది. ఊరి పరిమాణాన్ని బట్టి సరుకు ధరకు హద్దు కూడా పెట్టారు. అతి చిన్న పల్లెలో 40 దాటిన వస్తువు దొరకదు, కనుక అక్కడ పోషన్ కూడా లేదు. వాండ్ కోసం చిన్న పట్నం దాకా నడవాలి. బీదవాడికి ధర తెలిసింది, దారి తెలిసింది. నష్టమూ జరిగింది. ప్రతి దెబ్బకూ పదిహేను నాణేల మందు ఉంటే దెబ్బంటే భయం పోతుంది. మాయ నెలవారీ కిరాణా పద్దులో చేరిపోయింది.

2014లో ఐదో ఎడిషన్ వెనక్కి తగ్గింది. మాయ వస్తువుల అమ్మకం మళ్లీ డంజన్ మాస్టర్ ఇష్టానికి వదిలేసింది. హీలింగ్ పోషన్‌ను మాత్రం మామూలు సామాన్ల పట్టికలోనే 50 నాణేలకు ఉంచింది. 1979లో దానికి రాసిన ధర 400. మందు మోతాదు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, రెండు నాలుగు ముఖాల పాచికలు, పైన రెండు. ధర ఎనిమిదో వంతుకు దిగింది.

అసలు మేలు 2017 నవంబరులో వచ్చిన జనాథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ చేసింది. యుద్ధబలం పెంచని చిన్న చిన్న మాయలను వరుసగా పేర్చింది. నీళ్లలో ఆరని కొవ్వొత్తి, చీకట్లో వెలిగే కత్తి, అడుగు పొడవుకు ముడుచుకుపోయే పది అడుగుల కర్ర. 50 నాణేలు, వారం పని పెడితే ఇలాంటిది తయారవుతుందని రాసింది. మా బల్ల దగ్గర ఒకమ్మాయి ఆ కొవ్వొత్తి పట్టుకుని మునిగిపోయిన మెట్లబావిలోకి దిగి, గేటుకు కట్టిన తాడు కాలుస్తానంది. తడి తాడు కాలుతుందా అని చాలాసేపు వాదించుకున్నాం. కాలుతుందని తీర్పు చెప్పాను. అంతకుముందు ఏ పెద్ద ఖడ్గమూ మా ఆటలో అంత ఆలోచన పుట్టించలేదు.

2024 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ఇలాంటి సాధారణ వస్తువుకు 100 నాణేలని సూటిగా రాసేసింది. హోమ్స్ స్క్రోల్‌కు కట్టిన ధరా అదే. ఈ అంకె సరైనదని నేను నమ్ముతాను. కొత్తవాడు కూడబెట్టగలిగినంత తక్కువ, ఆలోచించకుండా ఖర్చుపెట్టలేనంత ఎక్కువ. ఆట నడిపేవాళ్లకు నా మనవి ఇది: మొదటి ఊళ్లోనే ఇలాంటి వస్తువులు రెండు మూడు ధర రాసి పెట్టండి. దెబ్బ బలం పెంచేవి వద్దు, కొత్త ఉపాయం పుట్టించేవి ఎంచండి. ఏది కొనాలో ఆటగాళ్లనే తేల్చుకోనివ్వండి.