కాంపైలోబాక్టర్ ఫీటస్ వెనరియాలిస్: ప్రయోగశాల కల్చర్ చరిత్ర

పశువుల్లో గొడ్డుమోతుతనానికి కారణమయ్యే వంపు తిరిగిన సూక్ష్మజీవి ఇది. ఆబోతు ముందోలు ముడతల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆబోతుకు జ్వరం రాదు, మేత తగ్గదు, పొగరు తగ్గదు. దాటించినప్పుడు ఆవుకు అంటుకుంటుంది. ఆ తర్వాత ఆవు మళ్లీ మళ్లీ ఎదకు వస్తుంది గానీ చూడి నిలవదు. నిలిచినవాటిలో కొన్ని నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈసుకుపోతాయి. బయటికి ఏ గుర్తూ లేని ఈ ఆబోతును పట్టుకోవడానికి చాలాకాలం కల్చర్, అంటే క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూడడం, ముఖ్యమైన దారి. అయితే ఈ క్రిమిని పెంచడం అంత తేలిక కాదు.

ఇబ్బందంతా గాలితోనే. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఈ బాక్టీరియాకు అది ఎక్కువ, అలాగని అసలు లేకపోయినా పెరగదు. ఇలాంటి చిక్కు గురించి మొదటి సూచన మరో క్రిమి దగ్గర దొరికింది. డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బ్యాంగ్, స్ట్రిబోల్ట్ 1897లో ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన బ్రూసెల్లాను గొట్టాల్లో పెంచినప్పుడు, యానకం పైభాగంలోనూ అడుగునా ఏమీ రాలేదు. ఉపరితలానికి కొంచెం కిందుగా ఒక పట్టీలాగా మాత్రమే అది పెరిగింది. గాలి ఏ మోతాదులో కావాలన్నది క్రిమిని బట్టి మారుతుందని ఆ పట్టీ చెప్పింది.

వంపు క్రిమిని మొదట గమనించింది బ్రిటన్‌లో మెక్‌ఫాడియన్, స్టాక్‌మన్. గొర్రెల గర్భస్రావాలపై వారి నివేదిక 1913లో వెలువడింది. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, ఆవుల మాయలో, పిండంలో బ్రూసెల్లా లేని కేసుల్లో ఈ క్రిములను చూసి 1918లో ప్రకటించాడు. మరుసటి ఏడాది టేలర్‌తో కలిసి దానికి విబ్రియో ఫీటస్ అని పేరు పెట్టాడు. ఆయన దృష్టి ఈసుకుపోవడం మీదే నిలిచింది. అసలు చూడే నిలవకపోవడం అనే పెద్ద నష్టం మరో మూడు దశాబ్దాలపాటు ఈ క్రిమి ఖాతాలో చేరలేదు.

ఆ లెక్క సరిచేసింది నెదర్లాండ్స్. స్యోలెమా, స్టెగెంగా, టెర్ప్‌స్ట్రా 1949లో లండన్ అంతర్జాతీయ పశువైద్య సదస్సులో, ఇది దాటించడం ద్వారా సోకే వంధ్యత్వ వ్యాధి అని నిరూపించారు. దాదాపు అదే కాలంలో పెన్సిల్వేనియాలో జాన్ ఆల్మ్‌క్విస్ట్ బృందం వీర్యంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపి కృత్రిమ గర్భధారణ ఫలితాలను మెరుగుపరిచింది. వీర్యం ద్వారా ఈ వ్యాధి సోకకుండా ఆపింది ప్రధానంగా ఆ మందులే.

బెల్జియం శాస్త్రవేత్త ఫ్లోరెంట్ 1959లో దీనిని రెండుగా విడదీశాడు: జననేంద్రియాల్లో ఉండి వంధ్యత్వం తెచ్చేది ఒకటి, పేగుల్లో ఉండి అప్పుడప్పుడు గర్భస్రావం కలిగించేది ఇంకొకటి. ఈ రెంటినీ వేరుచేయడానికి ప్రయోగశాలలు నమ్ముకున్నది ఒక శాతం గ్లైసిన్ కలిపిన యానకం. రెండోది అందులో పెరుగుతుంది, మొదటిది పెరగదు. 1963లో పారిస్ పాశ్చర్ సంస్థకు చెందిన సెబాల్డ్, వెరాన్ ఈ క్రిమి కలరా కలిగించే విబ్రియోల బంధువు కాదని తేల్చి, కాంపైలోబాక్టర్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు.

ఆబోతు నుంచి నమూనా తీయడం మరో తలనొప్పి. ముందోలు కడిగిన నీళ్లలో వేగంగా పెరిగే ఇతర క్రిములు కోకొల్లలు. నెమ్మదిగా పెరిగే ఇది వాటి కింద కప్పబడిపోతుంది. అందుకు 0.65 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత పొర వాడారు: సన్నగా, చురుగ్గా మెలితిరిగే ఈ క్రిమి దూరిపోతుంది, లావుపాటివి చాలావరకు ఆగిపోతాయి. రెండో ఆయుధం వాంకోమైసిన్, పాలీమిక్సిన్, ట్రైమెథోప్రిమ్ కలిపిన రక్త యానకం. దాన్ని 1977లో మార్టిన్ స్కిరో బ్రిటన్‌లో మనుషుల విరేచనాలపై పరిశోధన కోసం తయారుచేశాడు. కొన్ని ఫీటస్ రకాలను పాలీమిక్సిన్ కూడా అణచేస్తుంది కాబట్టి దీన్ని గుడ్డిగా నమ్మరాదు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో క్లార్క్, డఫ్టీ రూపొందించిన రవాణా యానకం దూరప్రాంతాల నమూనాలకు అక్కరకొచ్చింది. అది లేకపోతే నమూనా సుమారు ఆరు గంటల్లోపు ప్రయోగశాలకు చేరాలి. చేరకపోతే క్రిమి చచ్చిపోతుంది, పరీక్షలో క్రిమి లేదని వస్తుంది, రోగమున్న ఆబోతు మందలోనే ఉండిపోతుంది.

ప్రయోగశాలల్లో ఇప్పటికీ వాడే పద్ధతి ఇది: 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్, 85 శాతం నైట్రోజన్ నింపిన జాడీలో 37 డిగ్రీల వద్ద మూడు నుంచి అయిదు రోజులు. గుండ్రటి, మెరిసే, బూడిద-గులాబి రంగు మచ్చలు వస్తాయి.

1990ల చివర ఆస్ట్రేలియాలో, క్రిమిని దాని జన్యుపదార్థం ద్వారా గుర్తించే పీసీఆర్ పరీక్ష వచ్చింది. ఆ తర్వాత జన్యుపటం చదివితే గ్లైసిన్ పరీక్ష ఫలితమూ, జన్యు వర్గీకరణా ప్రతిసారీ కలవడం లేదని తెలిసింది. పీసీఆర్ గుర్తులు కూడా కొన్ని వేరే క్రిముల్లో దొరుకుతున్నాయి. అందుకే కల్చర్‌ను పాతబడిన పద్ధతిగా పక్కన పెట్టడం తొందరపాటు.

మన దేశంలో వీర్య కేంద్రాల ఆబోతులకు ఈ వ్యాధి పరీక్ష తప్పనిసరి. కరీంనగర్, నంద్యాల కేంద్రాలూ ఆ నియమాల కిందే నడుస్తాయి. ఊరి ఆబోతుకు అలాంటి నియమం లేదు. ఒకే ఆబోతుతో దాటించిన ఆవులు వరుసగా తిరిగి పొర్లుతుంటే, ఆవులకు మందులు వేసే ముందు ఆ ఆబోతును పరీక్ష చేయించాలి.