పెద్దరోగం, బల్ల, మా మామ్మ

కెనడా బాప్టిస్టు మిషనరీలు కాకినాడలో దిగింది 1874లో. ఆ మిషన్ తరఫున 1880లలో వచ్చిన మిస్ ఇసబెల్ హ్యాచ్, 1900 ప్రాంతంలో మా రామచంద్రపురంలో కుష్ఠు రోగులకు ఆశ్రమం పెట్టించారు.

హాన్సెన్ అనే నార్వే వైద్యుడు 1873లోనే ఈ జబ్బు క్రిమిని కనిపెట్టాడు. ఆ కబురు గోదావరి ఊళ్ళకు చేరలేదు. ఇక్కడ పెద్దరోగమంటే పూర్వజన్మ పాపం. క్రైస్తవులమయ్యాకా ఆ ఆలోచన మమ్మల్ని వదల్లేదని బాధతో రాస్తున్నాను. లేవీయకాండం తెరిచి, పాపం కుష్ఠులాంటిదని మా బోధకులే చెప్పేవారు. చాప చివర కూచుని వింటున్న రోగి ఏమనుకోవాలి? వాళ్ళు చెప్పాల్సింది యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు యేసు. ఆ కెనడా మిషన్‌లోనే తెలుగువాళ్ళ మధ్య పనిచేసిన జాన్ డేవిస్ దొరకు కూడా ఈ జబ్బు సోకింది. ఆయన కెనడా తిరిగి వెళ్ళి, ట్రాకడీ కుష్ఠు ఆసుపత్రిలోనే కన్నుమూశారు. సువార్త కోసం సముద్రం దాటి వచ్చిన మనిషికి అది ఏ పాపానికి శిక్ష?

మా తాత తమ్ముడికి పెళ్ళీడులో మచ్చలు తేలాయి. మామ్మ ఆయన కంచం, చెంబు పశువుల పాకలో పెట్టించింది. గరిటె కంచానికి తగలకుండా పైనుంచి అన్నం జారవిడిచేది. కొన్నాళ్ళకు తాత బండి కట్టి ఆశ్రమంలో దింపి వచ్చాడు. ఈ జబ్బుకు డాప్సోన్ బిళ్ళలు ఇంకా రాని రోజులవి. చాల్‌మూగ్రా నూనె సూదులు పొడిస్తే ఆ చోటు వాచి, రోజుల తరబడి సలిపేదట. చేతులకు స్పర్శ లేక పొయ్యి దగ్గర వేళ్ళు కాలినా తెలిసేది కాదట.

అప్పట్లో మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. దానికి ముందు శనివారం సాయంత్రం ప్రార్థన ఉండేది, అసలు పని ఆ పూటే జరిగేది. గట్టు తగాదాలు, చేబదుళ్ళు, తోడికోడళ్ళ మాటపట్టింపులు, అన్నీ అక్కడ బయటపడేవి. తగువున్న ఇద్దరినీ పెద్దలు ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపించేవారు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని కొండమీది ప్రసంగంలో ఉంది. మావాళ్ళు ఆ మాటను ఉన్నదున్నట్టు పాటించారు. ఇప్పుడా శనివారాలు లేవు. మా సంఘాలు పోగొట్టుకున్న వాటిలో నాకు అన్నిటికంటే దిగులు వాటి గురించే.

మరిదికి చేసింది గుర్తొచ్చి ఆ శనివారాలు మామ్మను నిలవనివ్వలేదు. ఆదివారం రొట్టె పళ్ళెం చేతికొస్తే పక్కామెకు అందించేసేది. చివరికి ఓరోజు ఆశ్రమానికి నడిచి వెళ్ళింది. క్షమించమని అడిగితే చినతాత, "నేనెప్పుడో వదిలేశాను వదినా. నువ్వే ఇంకా మోస్తన్నావు" అన్నాడట.

ఆ మాట విన్నా ఆమె బరువు దిగలేదు. ఎదుటివాడు క్షమించాక కూడా మనల్ని మనం క్షమించుకోలేకపోవడం ఇంకా పెద్ద కష్టమని ఆమెను చూశాకే నాకు తెలిసింది. కోడి కూసే వేళకు మోకాళ్ళూని, కంచం, చెంబు, గరిటె అని ఒక్కొక్కటే దేవుడికి చెప్పుకునేది. "దేవుడు కొట్టేసిన లెక్క నువ్వు మళ్ళీ రాస్తున్నావమ్మా, నీ తీర్పు ఆయన తీర్పుకంటే పెద్దదా?" అని పాస్టరుగారు అడిగారట. ఆ ప్రశ్న ఆమెకు తగిలింది. ఈస్టరు నాడు చేపల పులుసు వండి, గిన్నెలో సర్దుకుని ఆశ్రమానికి వెళ్ళింది. మరిది కంచంలో తన చేత్తో అన్నం పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూచుని తనూ తింది. ముల్లు ఏరి పెట్టబోతే, వేళ్ళు సరిగా లేకపోయినా తనే ఏరుకుంటానని ఆయన పట్టుబట్టాడట. తర్వాతి బల్లలో మామ్మ రొట్టె తీసుకుంది.

రోగుల్ని వేరుచేసి ఉంచే 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు క్రైస్తవుల విడాకుల చట్టంలోనూ ఉండేది, 2019లో తీసేశారు. మా ప్రసంగాల్లో మాత్రం పాపం కుష్ఠులాంటిదన్న ఆ పోలిక ఇంకా వినబడుతూనే ఉంది. విన్నప్పుడల్లా ఆరాధన అయ్యాక పాస్టరు దగ్గరికి వెళ్ళి మా చినతాత సంగతి చెబుతాను. పోయిన శ్రమల దినాల్లో ఒక కుర్ర పాస్టరు శ్రద్ధగా విని, మరుసటి వారం యోహాను తొమ్మిది తీసి ప్రసంగం చేశాడు.