కొల్లేరుకి ఇంటర్నేషనల్ ట్యాగ్ 2002లోనే వచ్చింది. తర్వాత ఏమైంది?

2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి మన దేశం నుంచి 7 సహజ ప్రదేశాలు చేరాయి. అందులో రెండు ఆంధ్రావే. ఒకటి భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, రెండోది తిరుమల కొండలు. అప్పటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్నది ఒకటే: "మన బెజవాడ వైపు అలాంటిదేమీ లేదా అన్నా?"

ఉంది. అంతర్జాతీయ గుర్తింపు కూడా ఎప్పుడో వచ్చేసింది. మనమే పట్టించుకోలేదు. దాని పేరు కొల్లేరు.

కొల్లేరు అనగానే మనకి గుర్తొచ్చేది పక్షులు, చేపల చెరువులు. కానీ అసలు అది అక్కడ ఎందుకుంది? మ్యాప్ ఓపెన్ చేసి చూడండి. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు గోదావరి. రెండు నదులూ వేల ఏళ్లుగా ఒండ్రు మట్టి తెచ్చి పోస్తూ, సముద్రాన్ని వెనక్కి నెడుతూ చెరో డెల్టా కట్టుకున్నాయి. మధ్యలో మట్టి అంతగా చేరని పల్లం ఒకటి మిగిలిపోయింది. ఒకప్పుడు సముద్ర తీరం అక్కడే ఉండేదని, ఇప్పటి సరస్సు ఆ నాటి ఉప్పునీటి మడుగు అని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. ఇప్పుడు సముద్రం అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్లకు పైనే ఉంది. అంటే కొల్లేరు ఎవరో తవ్విన చెరువు కాదు, రెండు నదులు కలిసి వదిలేసిన గిన్నె అన్నమాట.

ఈ గిన్నెలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడతాయి. డెల్టా డ్రెయిన్ల నీళ్లు కూడా ఇందులోకే. బయటికి వెళ్లే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. లోపలికి ఇన్ని, బయటికి ఒకటి! సర్వర్ భాషలో చెప్పాలంటే కొల్లేరు ఒక బఫర్. వరద వచ్చినప్పుడు నీటిని పట్టుకుని, తర్వాత నిదానంగా వదులుతుంది.

ఇక గుర్తింపు సంగతి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ అనే ఊళ్లో చిత్తడి నేలల కోసం ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. 2002 ఆగస్టులో కొల్లేరు ఆ జాబితాలోకి ఎక్కింది, 901 చదరపు కిలోమీటర్లతో. రెండు డెల్టాల మధ్య సహజంగా వరదను సర్దే జలాశయం అని అందులో దీని గురించి రాసుకున్నారు. పక్షుల గురించే కాదు, ఈ గిన్నె చేసే పని గురించి కూడా అన్నమాట. నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

కానీ రామ్‌సర్‌కి పోలీసులు లేరు. పేరు పంపేది మన ప్రభుత్వమే, కాపాడాల్సిందీ మన ప్రభుత్వమే. నేల మీద పనిచేసేది మన చట్టం. దాని ప్రకారం 1999లోనే +5 కాంటూర్ వరకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే లోపలంతా చెరువులే. ఇక్కడ విలన్ ఒక్కడు లేడు. 1970ల్లో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు వేసుకోమని చెప్పింది ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నవాళ్లు లీజులకి దిగారు, గట్లు పెరిగాయి, సరస్సు ముక్కలైంది.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గట్లు తెగ్గొట్టారు. చెరువులతో పాటు చాలా కుటుంబాల బతుకుదెరువూ పోయింది. ఆ కోపం ఊరికే పోదు కదా. 2008లో హద్దును +5 నుంచి +3కి తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. చూడండి, రామ్‌సర్ ట్యాగ్ వచ్చి అప్పటికి ఆరేళ్లే! ఆ ఊళ్లవాళ్ల బాధ నిజం. కానీ రెండు అడుగులు తగ్గించడం అంటే గిన్నె అంచు కోసేయడమే అని నా అభిప్రాయం. నష్టపోయినవాళ్లకి వేరే జీవనోపాధి చూపించాలి గానీ, నీళ్లు నిలిచే చోటుని పంచిపెడితే ఎలా?

ట్యాగ్ దండగ అని కూడా అనను. పక్కనే ఒడిశాలో చిలికా చూడండి. అదీ రామ్‌సర్ సరస్సే. దెబ్బతింటోందని 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న వాటి రికార్డులో పెట్టారు. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు, చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ రికార్డు నుంచి బయటపడింది. కొల్లేరు జాబితాలోకి ఎక్కిన సంవత్సరమే. అక్కడ ట్యాగ్ పక్కన పని జరిగింది.

"కొల్లేరు ఏలూరు వాళ్ల గొడవ, మనకెందుకు" అనుకునే బెజవాడ ఫ్రెండ్స్‌కి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది, గుర్తుంది కదా? మైలవరం వైపు కొండల్లో పుట్టే ఆ బుడమేరు సహజంగా వెళ్లి చేరే చోటు కొల్లేరే. మన ముంపుకి కొల్లేరే కారణం అనడం లేదు, గండ్లు ఎక్కడ పడ్డాయో అందరం చూశాం. కానీ దిగువన గిన్నె నిండుగా ఉంటే పైనుంచి వచ్చే నీరు త్వరగా దిగదు.

ఈసారి కైకలూరు దగ్గర ఆటపాకకి గూడబాతుల్ని చూడ్డానికి వెళ్తే, రీల్ తీసుకున్నాక ఒక్కసారి చుట్టూ చూడండి. ఏది సరస్సు, ఏది చెరువు గట్టు అనేది కనిపెట్టగలరేమో. వచ్చే ఎపిసోడ్ ఉప్పుటేరు మీద. ఆ ఒక్క దారిలో నీళ్లు ఎందుకంత నెమ్మదిగా కదులుతాయో చూద్దాం.